బూరె మా ఇంట్లో ఉన్న అయిదు నెలలు

"ఇంట్లో కుక్కని, పిల్లిని ముద్దు చేస్తూ, ఆదివారం వస్తే చికెన్ వండుకునేవాళ్లు జంతుప్రేమికులమని చెప్పుకోవడం కపటం కాదా?" అని మీలో ఒకరు అడిగారు. ఇదే ప్రశ్న మా చుట్టాలు నన్ను పెళ్లిళ్లలో, పేరంటాల్లో చాలాసార్లు అడిగారు. అక్కడ జవాబు చెప్పే తీరిక ఉండదు. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దిగితే ఒడియా. దేవాంగుల కుటుంబం, మా తాతగారి దాకా పట్టుచీరలే నేశారు. నేను చీరలకి ఫాల్ కుట్టి, పీకో చేసే చిన్న షాపు నడుపుతున్నాను. ఇప్పుడు ఇంట్లో మూడు కాళ్ల కుక్క ఒకటి, పిల్లులు మూడు ఉన్నాయి. కుక్క పేరు కాళియా. హైవే మీద లారీ కింద పడి వెనక కాలు పోయింది. పిల్లులు వానాకాలంలో మా షాపు షట్టర్ కింద దొరికాయి. కొన్నాళ్లు వీటితో పాటు బూరె అని ఒక కోడి కూడా ఉండేది. నా జవాబంతా ఆ కోడి దగ్గరే ఉంది.

2024 మే నెల. ఇచ్చాపురంలో మా ఆడపడుచు కూతురి సీమంతానికి వెళ్లి, నేనూ మా పాపా స్కూటీ మీద తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం రెండు గంటలు. గిరిసోల చెక్‌పోస్టు దాటాక మా ముందు ఒక కోళ్ల వ్యాను వెళ్తోంది. ట్రేల మీద ట్రేలు, పైన పట్టా కూడా లేదు. ఆ ఎండకి తారు మెత్తబడి టైర్లకి అంటుకుంటోంది. వ్యాను ఒక గుంతలో ఎగిరిపడగానే, పక్కనుంచి తెల్లటి మూటలాంటిది జారి రోడ్డంచున పడింది. "అమ్మా, కోడమ్మా, ఆపు!" అని పాప నా భుజం పట్టి గుంజింది.

నాటు కోడి అయితే మనం చెయ్యి చాచేలోపు తుప్పల్లోకి దూరిపోతుంది. ఇది కదల్లేదు. నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుని, ఎగరొప్పుతూ కూర్చుంది. దాన్ని ఎత్తుకున్నాక నాకు మొదట తెలిసింది వేడి. కోడి ఒంటికి మామూలుగానే 41 డిగ్రీల వేడి ఉంటుందట. ఇది అంతకంటే ఎక్కువగా, జ్వరంతో ఉన్న పసిపిల్లలా కాలిపోతోంది. రొమ్ము మీద ఈకలు లేవు. చర్మం ఎర్రగా, తడిగా ఉంది. మోకాలిలా వంగేచోట, రెండు కాళ్లకీ రూపాయి బిళ్లంత నల్లటి మచ్చలు. అవి దెబ్బలేమో అనుకున్నాను. వాటి సంగతి తర్వాత తెలిసింది. ఫారంలో కింద ఊక పరుస్తారు. వేల కోళ్ల రెట్టలు దాని మీదే పడి నానుతుంటాయి. కాళ్లు మొయ్యలేనంత బరువు పెరిగిన కోడి రోజంతా అందులోనే కూర్చుంటుంది. రెట్టలోంచి వచ్చే అమ్మోనియా చర్మాన్ని అలా కాల్చేస్తుంది.

ఇంటికొచ్చాక, షాపులో పార్సిళ్లు తూచే కాటా మీద పెట్టాం. రెండు కిలోల నూట యాభై గ్రాములు. చూడ్డానికి పెద్ద పెట్టలా ఉంది గానీ గొంతు విప్పితే కీచు కీచుమని కోడిపిల్ల గొంతు. ఆ గొంతు విని మా ఇంట్లో అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇరవై ఏళ్లుగా వారం వారం చికెన్ తింటున్నా, తినేది ఆరు వారాల పిల్లని అని నాకు తట్టలేదు. మా అత్తగారి చిన్నతనంలో పెరటి కోడి కిలోన్నర తూగాలంటే ఆరేడు నెలలు పట్టేదట. ఈ జాతి ఏరి ఏరి పెంచింది. నలభై రోజులకే రెండు కిలోలు అవుతుంది. ఒళ్లు పెద్దదవుతుంది, ఎముక మాత్రం పసిదే.

గుండ్రంగా, బొద్దుగా ఉందని పాప దానికి బూరె అని పేరు పెట్టింది. "ఇంటికొచ్చిన కోడికి పేరెందుకే, రేపు కూరొండుకునేదానికి" అన్నారు మా అత్తగారు. మర్నాడు ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయనా అదే మాటన్నాడు. "ఇది నలభై రోజుల సరుకమ్మా, దీనికి వైద్యం ఏంటి? రేపో మాపో పోతుంది, ఈలోగానే వండేసుకోండి." ఊరి పేరు, ఆసుపత్రి పేరు రాయను. నా బాధ ఆ ఒక్క మనిషి మీద కాదు. పశువుల వైద్యం చదువుకున్న మనిషి ప్రాణమున్నదాన్ని ఎదురుగా పెట్టుకుని సరుకు అన్నాడు, ఆ మాట అక్కడ ఎవరికీ వింతగా కూడా అనిపించలేదు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. పాప ఏడుపు ఆపుకోవడానికి గోడవైపు తిరిగి నిలబడింది.

మాకు నిజంగా సాయం చేసింది పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. "అమ్మా, దీనికి ముద్దుతో మేత పెట్టారంటే చంపేసినట్టే. అడిగినంత పెడితే కాళ్లు విరుగుతాయి, లేదంటే గుండె ఆగుతుంది. తూకం వేసి పెట్టండి" అన్నాడు. ఈ కోళ్లకి తల్లులుంటాయి కదా, గుడ్ల కోసం ఏడాదికి పైగా బతకనిచ్చేవి, వాటికి ఫారాల్లో కొలిచి కొలిచి మేత పెడతారట. కడుపు నిండా పెడితే గుడ్డు పెట్టే వయసు దాకా ఒళ్లు నిలవదు. అంటే పిల్ల తిని తిని నలభై రోజులకి పోతుంది, తల్లి బతికినన్నాళ్లూ ఆకలితో ఉంటుంది. ఈ మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు. పూటకి ఒక చిన్న గ్లాసుడు మేత పెట్టి, ఇంకా కావాలని బూరె నా చీర కుచ్చిళ్లు పొడుస్తుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. దాని ఆకలి దాని తప్పు కాదు. మనిషి పెట్టిన ఆకలి అది.

మొదటి వారం రోజులూ అది నేల మీద కూర్చునేదే తప్ప నడవలేదు. పెరట్లో మట్టిలో దింపితే ఏం చేయాలో తెలియక ఉన్నచోటే ఉండిపోయేది. పురుగు ఎదురుగా పాకినా చూసేది కాదు. పదకొండో రోజు పొద్దున్న నేను కరివేపాకు కోయడానికి వెళ్తే, ఆ చెట్టు కింద పొడిమట్టిలో బూరె పక్కకి ఒరిగి పడి ఉంది. ఒక కాలు చాచి, రెక్క వణికిస్తోంది. పోతోందనుకుని నా కాళ్లలో సత్తువ పోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే మెడ నేలకి రుద్దుతూ, రెక్కతో మట్టి ఎత్తి వీపు మీద పోసుకుంటోంది. కళ్లు సగం మూసుకుంది. ఒక పక్క అయ్యాక రెండో పక్కకి దొర్లింది. ఈకలన్నీ ఉబ్బించి, మట్టంతా లోపలికి పోయేలా ఒళ్లు విదిలించుకుంది. నాటు కోళ్లు మట్టిస్నానం చేయడం చిన్నప్పటి నుంచీ చూసినదే. అయితే బూరెకి అది నేర్పిందెవరు? ఇంక్యుబేటర్‌లో పుట్టింది. తల్లి మొహం ఎరగదు. మట్టిని చూసి పది రోజులే అయింది. మా అత్తగారిని పిలిస్తే వచ్చి చూసి, చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మధ్యాహ్నం ఆవిడే పొయ్యిలోంచి చల్లారిన బూడిద తెచ్చి ఆ గుంటలో కలిపారు, పేలు పడవని. కూర మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. బూరె పెరట్లో ఉండగానే నేను రోజూ పొద్దున్న చికెన్ కొట్టుకి వెళ్లేదాన్ని. పిల్లులకి, కాళియాకి కాళ్లు, మెడలు, కందనకాయలు తేవాలి కదా. మా పాప విశాఖపట్నంలో చదువుకుంటోంది, రెండేళ్లుగా పాలు కూడా ముట్టదు. "పిల్లులకి కూడా కూరగాయల మేత పెడదామమ్మా" అంది. నేను ఒప్పుకోలేదు. కుక్క అన్నం, పప్పు, గుడ్డుతో నెట్టుకొస్తుంది. పిల్లికి కుదరదు. టారిన్ అని ఒక పదార్థం ఉంటుంది, పిల్లి ఒళ్లు దాన్ని చాలినంత తయారుచేసుకోలేదు, అది సహజంగా మాంసం, చేపల్లోంచే రావాలి. అది అందకపోతే మెల్లగా కళ్లు పోతాయి, గుండె బలహీనపడుతుంది. మనం మానేస్తే మన ఇష్టం, మన నోరు. నోరులేని పిల్లి మీద మన నియమం రుద్ది దాని కళ్లు పోగొట్టడం నాకు సమ్మతం కాదు. ఈ విషయంలో మా తల్లీకూతుళ్లకి ఇప్పటికీ పడదు. దాన్ని కపటం అంటారో ఏమంటారో మీ ఇష్టం, నేను మాత్రం ఆ సంచీ పట్టుకుని ఈరోజు పొద్దున్న కూడా కొట్టుకి వెళ్లొచ్చాను.

ఆ కొట్టులో పనిచేసే కుర్రాడు వ్యాను దగ్గర్నుంచి కోళ్లని దింపుతుంటాడు. ఒక్కో చేతిలో నాలుగైదు కోళ్లు, కాళ్లు కట్టగట్టి, తలకిందులుగా. చిన్నప్పటి నుంచీ రోజూ చూసే దృశ్యమే అది. కానీ బూరె కాళ్లకి పసుపు, కొబ్బరినూనె రాస్తూ ఆ కీలు ఎంత సన్నగా ఉందో వేళ్లతో పట్టి చూసినదాన్ని. రెండు కిలోల ఒళ్లు ఆ కీలు మీద వేలాడితే ఎలా ఉంటుందో ఇక నేను ఊహించుకోనక్కర్లేదు. ఒకరోజు ఉండబట్టలేక కొట్టు ఓనరుని అడిగాను. ఆయనా తెలుగాయనే, సోంపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. "అప్పా, ఎలాగూ చచ్చేదే కదా" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అంటారు. "చచ్చేది ఎలాగూ చస్తుంది బాబూ, ఈ పది నిమిషాల నొప్పి దేనికి?" అన్నాను. దానికి ఆయన దగ్గర జవాబు లేదు, కోపం మాత్రం వచ్చింది.

చట్టం చూద్దామా అంటే ఉంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలో 11వ సెక్షన్ చదవండి. అనవసరంగా నొప్పి కలిగేలా ఏ జంతువునైనా మోసుకెళ్లడం నేరమని రాసి ఉంది. బండి మీదైనా, చేత్తోనైనా. మొదటిసారి పట్టుబడితే జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై దాకా. దశాబ్దాల నాటి అంకె అది. మా బరంపురంలో యాభై రూపాయలకి ఒక ప్లేటు దహీబరా ఆలూదమ్ వస్తుంది. ఒక ప్రాణిని తలకిందులుగా వేలాడదీసి మోస్తే ఈ సెక్షన్ కింద కట్టాల్సింది అంతే. దీని మీద మా చుట్టుపక్కల ఒక్కరూ గొంతెత్తరు.

కుక్కల మీదైతే అందరూ ఎత్తుతారు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల గురించి చెప్పిన దగ్గర్నుంచి మా వీధిలో నాకు ప్రశాంతత లేదు. 11వ తేదీ నాటి ఆర్డరు మాత్రమే విన్నారు, కుక్కల్ని పట్టుకుపోయి షెల్టర్లలో పెట్టమన్నదని. అదే నెల 22న దాన్ని మార్చి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని తెచ్చినచోటే వదలమని చెప్పిన సంగతి ఎవరి చెవికీ ఎక్కలేదు. నవంబరులో స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లలోంచి కుక్కల్ని తీసేయమని వేరే ఆదేశం వచ్చింది, దాన్ని పట్టుకుని ఇప్పుడు వీధి వీధంతా స్కూలే అంటున్నారు. కాళియాకి ఆపరేషన్ అయింది, ఏటా టీకా వేయిస్తున్నాను, కార్డు గోడకి తగిలించాను. అయినా మేడ మీద ఉండే ఒకాయన దాని మీద వేడినీళ్లు పోశాడు. ఆయన ఉల్లిపాయ కూడా తినడు. అద్దెకి వచ్చేవాళ్లని "నాన్‌వెజ్ తింటారా?" అని అడిగి మరీ పంపేస్తాడు. అందుకే పళ్లెంలో ఏముందో చూసి మనిషి దయని కొలవకండి అంటాను. మా జిల్లాలోనే భెట్నై దగ్గర కృష్ణజింకలు పొలాల్లో మందలు మందలుగా తిరుగుతాయి. వేసిన పైరు మేసినా రైతులు కర్ర ఎత్తరు, జింక పొలంలోకి వస్తే మంచిదని వాళ్ల నమ్మకం. ఆ ఊళ్లలో అందరూ శాకాహారులేమీ కాదు.

మా దేవాంగుల సంగతి కూడా చెప్పాలి, దాచడం ఎందుకు. పట్టుదారం తీయాలంటే పురుగు లోపల ఉండగానే గూడుని మరిగే నీళ్లలో వేస్తారు. ఒక చీరకి వేల గూళ్లు. మడికి పట్టుబట్ట కట్టుకుని మాంసం తినేవాళ్లని అంటుకోని ఆచారం మా ఇళ్లలోనే చూశాను. కుసుమ రాజయ్య గారు హైదరాబాద్‌లో పురుగుని చంపకుండా పట్టు తీసే పద్ధతి తెచ్చారు. దాన్ని అహింసా పట్టు అంటారు. మా షాపుకి వచ్చే చీరల్లో అది నాకు ఇంతవరకు కనబడలేదు.

మా ఊరికి దగ్గర్లో, పురుషోత్తమపూర్ పక్కన జౌగడ అని ఒక పాడుబడ్డ కోట ఉంది. అక్కడ బండ మీద అశోకుడు రాయించిన శాసనాలున్నాయి. స్కూలు పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తారు, ఫొటోలు దిగి వచ్చేస్తారు. అందులో మొదటి శాసనంలో ఏముందో నేను బూరె ఉన్నప్పుడే తెలుసుకున్నాను. రాజు తన వంటింటి లెక్క చెప్పాడు. ఇదివరకు నా వంటింట్లో కూరల కోసం రోజూ లక్షల ప్రాణుల్ని చంపేవారు, ఇప్పుడు మూడింటినే చంపుతున్నారు, రెండు నెమళ్లు, ఒక జింక, జింక కూడా రోజూ కాదు, ఇకమీదట ఈ మూడింటినీ చంపరు అని. 2,200 ఏళ్లకి పైబడిన మాట. మూడు ఇంకా చస్తున్నాయని రాయించడానికి ఆయన సిగ్గుపడలేదు. మొత్తం మానేశాకే నోరు విప్పుతాను అనుకోలేదు. మిమ్మల్ని, నన్ను కపటం అని నిలదీసేవాళ్లు ఆ బండ దగ్గరుంటే ఆయన్నీ నిలదీసేవారు.

నేనూ మా ఇంటి లెక్క కట్టాను. ఐదుగురం. రెండు కిలోల కోడిని కొడితే కిలోన్నర లోపు మాంసం వస్తుంది, మాకు ఒక ఆదివారానికి సరిపోయేది. ఏడాదికి యాభై రెండు కోళ్లు. పండగలు, చుట్టాలు కలిపితే అరవై. ఇరవై ఏళ్లకి వెయ్యీ రెండొందలు. బూరెలాంటివి, కీచుమనే గొంతుతో, వెయ్యీ రెండొందలు. ఆ అంకెని క్యాలెండర్ వెనక రాసి మా ఆయనకి చూపించాను. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ ఆదివారం చికెన్ తేలేదు, తర్వాతా తేలేదు. ఎవరైనా నాటు కోడి ఇస్తే ఆయన తింటారు. అత్తగారు చేపలు తింటారు, నేను ఎండుచేప మానలేకపోయాను. ఇవన్నీ దాచకుండా చెబుతున్నాను. మా ఇంట్లో ఫారం కోడి కూర ఆగిపోయింది. ఏడాదికి అరవై నుంచి సున్నాకి. పిల్లులకి తెచ్చేది కొట్టులో ఎవరూ కొనక మిగిలే ముక్కలు.

బూరె అక్టోబరు మొదటి వారంలో పోయింది. అప్పటికి గొంతు మారింది, పెట్టలా కొక్కొక్కొమని తిరిగేది. పోవడానికి పది రోజుల ముందు కాళియా పడుకునే గోనెసంచి మీద ఒక గుడ్డు పెట్టింది. కాళియా దాన్ని ముట్టుకోకుండా పక్కన కూర్చుని మేము వచ్చేదాకా మొరిగింది. పోయిన రోజు మధ్యాహ్నం కరెంటు లేదు, వానకి ముందు ఉక్కపోత. నేను షాపు నుంచి వచ్చేసరికి నీళ్ల మూకుడు పక్కన పడి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. ఆ బరువుకి గుండె ఎప్పుడైనా ఆగుతుందని పెద్దాయన ముందే చెప్పాడు. చెప్పినా సరే, ఆ రోజు తడిగుడ్డ కప్పి వెళ్లి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. మా అత్తగారు రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

కోళ్ల కొట్టులో జరిగింది కూడా చెబుతాను. పాత ప్లాస్టిక్ క్రేట్లు రెండు కొని ఆ కుర్రాడికి ఇచ్చాను, వ్యాను నుంచి కొట్టులోకి అందులో పెట్టి మోయమని. ఓనరు మొదట విసుక్కున్నాడు గానీ, కాలు విరిగిన కోడిని కొనేవాళ్లు బేరమాడతారు కాబట్టి ఒప్పుకున్నాడు. కార్తీకమంతా బాగానే నడిచింది. మా దగ్గర కార్తీకం రెండుసార్లు మొదలవుతుంది. ఒడియావాళ్లకి కుమార పున్నం, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాటి నుంచి, మనకి దీపావళి మర్నాటి నుంచి. మా అత్తగారు రెండూ పట్టి నెలన్నర నీచు ముట్టరు. ఒడియావాళ్లకి కార్తీక పున్నంతో నెల అయిపోతుంది, మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్ల నోములన్నీ వదిలి ఆ రోజు మాంసం తింటారు. తెల్లారకముందే కొట్టు ముందు వీధి మలుపు దాకా వరస. ఆ రోజు క్రేట్లు పక్కన పడేసి మళ్లీ తలకిందులుగానే మోశారు. టైమ్ లేదప్పా అన్నాడు. మర్నాడు వెళ్లి మళ్లీ అడిగాను. మళ్లీ క్రేట్లు తీశారు. మరుసటి ఏడు ఛాడఖాయికి ముందు రోజే వెళ్లి ఇంకో మూడు క్రేట్లు ఇచ్చొచ్చాను, వాటితోనే మోశారు.

రోడ్డు మీద మీకు ఇలాంటి ఫారం కోడి దొరికితే ఒక్కసారిగా నీళ్లు నోట్లో పోయకండి. నీడలో పెట్టి, కాళ్లూ తలా తడపండి, గిన్నెలో నీళ్లు ముందు పెట్టండి, అదే తాగుతుంది. మేత రెండు పూటలా కొలిచి పెట్టండి, ఎంత అడిగినా అంతే. ఎత్తు మీద కూర్చోబెట్టకండి, దూకితే కాళ్లు విరుగుతాయి. కింద పొడి ఇసుకో, పొడి ఊకో పరిచి రోజూ మార్చండి. పొడిమట్టి ఒక మూల వదిలిపెట్టండి. మొదటి పది రోజులు దాని జోలికి వెళ్లకపోతే కంగారుపడకండి.